భూకంప తరంగాల రికార్డులు విద్యార్థులకు అందాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

2024 డిసెంబరు 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా మేడారం పరిసర అడవులు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించి, హైదరాబాదు, వరంగల్, ఖమ్మం, విజయవాడల దాకా జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చిన నాటి నుంచి తెలుగు పత్రికల లేఖల శీర్షికల్లో ఒక ప్రశ్న మళ్ళీ మళ్ళీ వినిపిస్తోంది. ఇన్ని ఉపగ్రహాలు, ఇంత పరిజ్ఞానం ఉండి కూడా శాస్త్రవేత్తలు భూకంపం సంగతి ఒక్క రోజు ముందైనా ఎందుకు చెప్పలేకపోతున్నారు, చెప్పలేనప్పుడు ఆ పరిశోధనలకు ప్రజల సొమ్ము ఎందుకు ఖర్చు పెట్టాలి అన్నది ఆ ప్రశ్న సారాంశం. అడిగినవారిని తప్పుపట్టడానికి నేనీ లేఖ రాయడం లేదు. ఆ ప్రశ్న న్యాయమైనదే. భూకంపాలను, అగ్నిపర్వతాల కింద పుట్టే కంపాలను అధ్యయనం చేసే పరిశోధక విద్యార్థిగా నాకు తెలిసిన జవాబు చెప్పి, దానితోపాటు మన రెండు రాష్ట్రాల పాఠకులూ ప్రజాప్రతినిధులూ పట్టించుకోవలసిన ఒక విషయాన్ని మీ పత్రిక ద్వారా వారి ముందు ఉంచాలన్నది నా ఉద్దేశం. దేశంలోని భూకంప నమోదు కేంద్రాలలో రాత్రింబవళ్ళు పోగవుతున్న తరంగాల రికార్డులు విద్యార్థుల చేతికి రావాలన్నదే ఆ విషయం.

ముందుగా తేదీ సంగతి. ఫలానా రోజున, ఫలానా చోట, ఇంత తీవ్రతతో భూకంపం వస్తుందని చెప్పగల పద్ధతి ఇవాళ ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. చైనాలోని హైచెంగ్‌లో 1975 ఫిబ్రవరి 4న పెద్ద భూకంపం రాకముందు చిన్న చిన్న కంపాలు ఒక్కసారిగా ఎక్కువవడంతో అధికారులు జనాన్ని ఇళ్ళు ఖాళీ చేయించారు, ఎందరో బతికి బయటపడ్డారు. భూకంపాన్ని ముందే చెప్పడం చేతనైందని లోకమంతా సంబరపడింది. మరుసటి ఏడాది జూలై 28న అదే దేశంలోని టాంగ్‌షాన్ నగరం ఏ హెచ్చరికా లేకుండా నేలమట్టమైంది. అధికారిక లెక్క ప్రకారమే 2 లక్షల 42 వేల మంది చనిపోయారు. అమెరికాలో కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్ దగ్గర దాదాపు ఒకే తీవ్రత గల భూకంపాలు ఇంచుమించు ఒకే వ్యవధిలో వస్తున్నాయని గమనించి, 1993లోపు తరువాతిది వస్తుందని అంచనా కట్టి, ఆ లోయనిండా పరికరాలు అమర్చి కూర్చున్నారు. అది 2004 సెప్టెంబరు 28న వచ్చింది.

ఈ కష్టం శాస్త్రవేత్తల అలసత్వం వల్ల వచ్చింది కాదు, భూకంపం పుట్టే తీరులోనే ఉంది. భూమిలోని పగులు రేఖ వెంబడి ఏళ్ళ తరబడి ఒత్తిడి పేరుకుంటుంది. ఏదో ఒక బిందువు దగ్గర రాయి జారుతుంది. ఆ జారుడు కొన్ని మీటర్లకే ఆగిపోతే మనకు తెలియనైనా తెలియదు. ఆగకుండా పదుల కిలోమీటర్లు పాకితే ఊళ్ళు కూలతాయి. మొదలైన క్షణంలో ఈ రెండింటికీ తేడా పట్టుకోవడం ఇప్పటివరకు ఎవరికీ సాధ్యం కాలేదు. అందుకే భూకంపం వచ్చిన ప్రతిసారీ వాట్సాప్‌లో తిరిగే 'రేపు రాత్రి ఇంకా పెద్దది రాబోతోంది' వంటి సందేశాలను నమ్మవద్దని, వాటిని వార్తలుగా ప్రచురించవద్దని నేను ఇక్కడే మనవి చేస్తున్నాను.

అగ్నిపర్వతాల విషయం వేరు, నేను ఆ వైపు వెళ్ళడానికి కారణం కూడా అదే. లోపలి శిలాద్రవం పైకి రావాలంటే దారి చేసుకోవాలి. దారి చేసుకోవడమంటే రాళ్ళను పగలగొట్టడం, పాత పగుళ్ళలో వాయువులను ఎగదోయడం, కొండను అంగుళాల లెక్కన ఉబ్బించడం. వీటిలో ఏదీ చడీచప్పుడు లేకుండా జరగదు. ఫిలిప్పీన్స్‌లో సుమారు 500 ఏళ్ళుగా నిద్రపోతున్న పినటూబో 1991 మార్చిలో కదలడం మొదలుపెట్టినప్పుడు, ఆ దేశపు అగ్నిపర్వత, భూకంప పరిశోధన సంస్థ వాళ్ళు, అమెరికా భూగర్భ సర్వే నుంచి వచ్చినవాళ్ళు కలిసి కొండ చుట్టూ నేల కదలికను కొలిచే సీస్మోమీటర్లు అమర్చి, రోజుకెన్ని కంపాలు వస్తున్నాయో, అవి ఎంత లోతు నుంచి, ఏ రకంగా వస్తున్నాయో లెక్కిస్తూ వెళ్ళారు. ఆ లెక్క చూసే హెచ్చరిక స్థాయిని ఒక్కొక్క మెట్టు పెంచారు. జూన్ 10న పక్కనున్న అమెరికా వైమానిక స్థావరం ఖాళీ అయింది, చుట్టుపక్కల వేల కుటుంబాలు తరలిపోయాయి. జూన్ 15న 20వ శతాబ్దంలోకెల్లా రెండో అతిపెద్ద విస్ఫోటనం జరిగింది. అదే సమయంలో తుపాను కూడా రావడంతో వానకు తడిసిన బూడిద బరువుకు పైకప్పులు కూలి వందల మంది చనిపోయారు, నిజమే. కానీ తరలింపు జరగకపోయి ఉంటే మరో 5 వేల మందైనా పోయేవారని ఆ తరువాత అంచనా వేశారు. ఆ అమెరికా బృందం పుట్టడానికి కారణం అంతకు ఆరేళ్ళ క్రితం కొలంబియాలో జరిగిన ఘోరం. 1985 నవంబరు 13 రాత్రి నెవాడో దెల్ రుయిజ్ శిఖరం మీది మంచు కరిగి, బురద వెల్లువై వచ్చి ఆర్మెరో పట్టణాన్ని ముంచెత్తినప్పుడు 23 వేల మంది చనిపోయారు. ప్రమాద ప్రాంతాల పటం అంతకు నెల ముందే సిద్ధమై ఉంది, కానీ అది ఎవరి కాళ్ళనూ కదిలించలేదు.

అలాగని అగ్నిపర్వతాలైనా ప్రతిసారీ చెప్పి వస్తాయని నేను అనడం లేదు. జపాన్‌లోని ఒంటాకే కొండ మీద 2014 సెప్టెంబరు 27న, శనివారం మధ్యాహ్నానికి కొంచెం ముందు, పర్వతారోహకులు శిఖరం దగ్గర భోజనాలకు కూర్చునే వేళ ఆవిరి పేలుడు జరిగి 63 మంది ప్రాణాలు కోల్పోయారు. రెండు వారాల క్రితం చిన్న కంపాలు పెరిగిన మాట నిజమే. కానీ అవి మళ్ళీ తగ్గాయి, హెచ్చరిక స్థాయి మారలేదు. నిరంతర ప్రకంపన మొదలైనది పేలుడుకు 11 నిమిషాల ముందు. ఈ ఉదంతం చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది: పెరిగి తగ్గిన ఆ చిన్న కంపాలకు అర్థమేమిటో చెప్పాలంటే, అలా పెరిగి తగ్గి ఏమీ కాని సందర్భాలు కూడా ఎన్నో చూసి ఉండాలి. అంటే గొడవ లేని రోజుల రికార్డు కూడా గొడవ జరిగిన రోజు రికార్డు అంత విలువైనదే.

ఇక పరిశోధక విద్యార్థి ఏం చేస్తాడో చెప్పాలి. నా అధ్యయనం హిందూ మహాసముద్రంలో ఫ్రాన్స్ పాలనలో ఉన్న రీయూనియన్ దీవిలోని పితోన్ ద లా ఫుర్నేజ్ అనే అగ్నిపర్వతం గురించి. ప్రపంచంలో తరచుగా లావా చిమ్మే అగ్నిపర్వతాలలో అది ఒకటి. 1977 ఏప్రిల్‌లో లావా ఎప్పటి హద్దు దాటి సముద్రతీర గ్రామం మీద పడి ఇళ్ళను తగలబెట్టిన తరువాత, 1979లో అక్కడొక పరిశీలన కేంద్రం కట్టారు. అప్పటి నుంచి ఆ కొండ ఊపిరి తీసినా నమోదవుతుంది. ఒక్కొక్క సీస్మోమీటరు నేల కదలికను నిలువుగా ఒకటి, అడ్డంగా రెండు దిశల్లో, సెకనుకు వంద సార్లు కొలుస్తుంది. ఒక్క దిశకే ఒక రోజుకు 86 లక్షల 40 వేల అంకెలు పోగవుతాయి. ఆ అంకెలను తెర మీద గీతగా పరిచి చూడడంతో మా పని మొదలవుతుంది.

అలవాటైన కంటికి ఆ గీత చాలా చెబుతుంది. రాయి పగిలినప్పుడు వచ్చే కంపం ఉన్నట్టుండి నిటారుగా లేస్తుంది. ముందు వేగంగా వచ్చే పి తరంగం, వెనుక నెమ్మదిగా వచ్చే ఎస్ తరంగం, రెండూ విడివిడిగా కనిపిస్తాయి, తరువాత త్వరగా సద్దుమణుగుతుంది. పగుళ్ళలోని ద్రవమో వాయువో ఊగడం వల్ల వచ్చే కంపం అలా ఉండదు: పిల్లనగ్రోవిలో గాలి మోగినట్టు ఒకే స్థాయిలో, సెకనుకు రెండు మూడు ఊపుల చొప్పున చాలాసేపు సాగుతుంది, ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపడమే కష్టం. పినటూబోలో, అంతకుముందు అలాస్కాలోని రిడౌట్‌లో విస్ఫోటనానికి ముందు ఎక్కువైనవి ఈ రెండో రకం కంపాలే. 2007 ఏప్రిల్‌లో పితోన్ ద లా ఫుర్నేజ్ శిఖరాగ్రంలోని డొలొమియూ బిలం 300 మీటర్లకు పైగా కుంగిపోయింది; ఆ నాటి నుంచి బిలం అంచుల రాళ్ళు విరిగి పడుతూనే ఉన్నాయి. ఆ రాళ్ళు పడడం కూడా రికార్డులోకి ఎక్కుతుంది. దాని గీత మొదట సన్నగా మొదలై నడుమ లావై మళ్ళీ సన్నబడుతుంది. పి లేదు, ఎస్ లేదు. కొత్త విద్యార్థి దాన్ని అగ్నిపర్వత ప్రకంపనగా భ్రమపడితే ఆ రోజు లెక్క అంతా తారుమారవుతుంది. ఈదురుగాలి, తుపాను అలలు, పరికరం పక్కగా నడిచి వెళ్ళిన మనిషి అడుగులు, ఇవన్నీ కూడా అక్కడే ఉంటాయి. వీటిని ఒకదాని నుంచి ఒకటి వేరుచేయడంలోనే పరిశోధక విద్యార్థి తొలి సంవత్సరం గడిచిపోతుంది. ఇప్పుడు ఈ పనిలో కృత్రిమ మేధ మాకు చాలా సాయం చేస్తోంది, కానీ దానికి నేర్పడానికి కూడా ముందు మనుషులు గుర్తుపెట్టిన వేల ఉదాహరణలు కావాలి.

ఏ కంపమూ లేని వేళ కూడా భూమి నిశ్చలంగా ఉండదు. సముద్రపు అలలు నేలను ఎడతెగకుండా తడుతూ ఉంటాయి. ఒకప్పుడు ఈ సందడిని పనికిరాని రొద అని వడగట్టి పారేసేవారు. రెండు కేంద్రాలలో ఒకే కాలంలో నమోదైన ఈ సందడిని పక్కపక్కన పెట్టి పోల్చితే, ఒక కేంద్రం నుంచి రెండో కేంద్రానికి తరంగం ఎంత వేగంతో చేరుతుందో లెక్క కట్టవచ్చని ఈ శతాబ్దం తొలి దశాబ్దంలో తేలింది. 1999, 2000 సంవత్సరాల పాత రికార్డులను ఈ పద్ధతిలో మళ్ళీ చదివి, పితోన్ ద లా ఫుర్నేజ్ విస్ఫోటనాలకు కొద్ది రోజుల ముందు కొండలో తరంగాల వేగం వేయింట ఒక వంతు పాటి తగ్గుతోందని 2008లో ఫ్రెంచి పరిశోధకులు చూపారు. లోపల ఒత్తిడి పెరిగి కొండ ఉబ్బినప్పుడు సన్నని పగుళ్ళు తెరుచుకోవడం వల్ల వేగం తగ్గుతుంది. వాన నీరు ఇంకినా వేగం మారుతుంది గనుక, ఏది వాన వల్ల, ఏది శిలాద్రవం వల్ల అని విడదీయడం నా సిద్ధాంత వ్యాసంలో ప్రధాన భాగం. ఒక్క సంగతి పాఠకులు గమనించాలి: 1999లో ఆ రికార్డులు భద్రపరిచినవారికి అవి ఇలా పనికివస్తాయని తెలియదు. తెలియకపోయినా దాచారు, దాచినవి పంచారు.

ఆ దీవితో మనకు సంబంధం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. 19వ శతాబ్దంలో యానాం రేవు నుంచి కూలీలుగా అక్కడికి వెళ్ళిన తెలుగువారున్నారు. కానీ అంతకన్నా ఎంతో పాత బంధం మరొకటి ఉంది. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం, భారత భూఖండం ఇంకా ఉత్తరంగా జరుగుతున్న కాలంలో, ఇవాళ రీయూనియన్ అగ్నిపర్వతాలకు మూలమైన ఆ లోతైన వేడి మీదుగా మన దేశం దాటిందని, దక్కను పీఠభూమిని కప్పిన లావా అప్పటిదేనని భూగర్భ శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఆ లావాలో కొంత వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి గోదావరి తీరం దాకా వచ్చింది. రాజమహేంద్రవరం దగ్గర కాతేరులో, నది అవతల మా కొవ్వూరు వైపు పంగిడి, దుద్దుకూరు క్వారీలలో కంకర కోసం కొట్టే నల్లరాయి అదే. ఆ లావా పొరల మధ్య చిక్కిన సున్నపురాతిలో శంఖాలు, నత్తగుల్లలు ఈనాటికీ కనిపిస్తాయి. నా పరిశోధన విషయాన్ని మా ఊరివాళ్ళకు వివరించవలసి వచ్చినప్పుడు నేను క్వారీ లోపలికి తీసుకెళ్ళి ఆ రాయినే చూపిస్తాను.

ఇప్పుడు అసలు విన్నపానికి వస్తాను. రీయూనియన్ దీవిలోని ఆ కేంద్రం రికార్డులను నేను ఎవరి అనుమతీ అడగకుండా, రూపాయి కట్టకుండా, అంతర్జాలం నుంచి దింపుకున్నాను. అమెరికా, జపాన్, ఇటలీ, న్యూజిలాండ్ దేశాల రికార్డులు కూడా అలాగే దొరుకుతాయి. హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ప్రాంగణంలో ఫ్రెంచివారి భూకంప నమోదు కేంద్రాల వ్యవస్థ జియోస్కోప్‌లో భాగంగా నెలకొల్పిన కేంద్రంలో ఏళ్ళ తరబడి నమోదైన తరంగాలు కూడా ప్రపంచంలో ఎవరైనా తీసుకోవచ్చు. కానీ ములుగు భూకంపం తరువాత గోదావరి లోయలో ఏం జరిగిందో చూద్దామని నేను మన దేశంలోని కేంద్రాల నిరంతర రికార్డుల కోసం ఒక కార్యాలయానికి రాసినప్పుడు, దరఖాస్తు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరిగి తిరిగి చివరికి జవాబు లేకుండానే ఆగిపోయింది. జాతీయ భూకంప శాస్త్ర కేంద్రం తన వెబ్‌సైటులోనూ భూకంప్ యాప్‌లోనూ ప్రతి కంపం సమయం, చోటు, లోతు, తీవ్రత వెంటనే పెడుతోంది, అది మెచ్చుకోవలసిన పని. అయితే పట్టికలో ఉండేది లెక్క పూర్తయ్యాక వచ్చిన ఫలితం మాత్రమే. ఆ పట్టికకు ఎక్కనంత చిన్న కంపాలు, సముద్రపు సందడి, వేగంలో వచ్చే మార్పు, ఇవన్నీ అసలు రికార్డులోనే ఉంటాయి.

పాత రికార్డును కొత్త కంటితో చదవడం వల్ల ఎంత బయటపడుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ ఇస్తాను. దక్షిణ కాలిఫోర్నియాలో 2008 నుంచి 2017 వరకు అప్పటికే భద్రపరచిన రికార్డులను 2019లో కంప్యూటర్లతో మళ్ళీ జల్లెడ పట్టగా, పాత జాబితాలో ఉన్నవాటికి పది రెట్లు, అంటే 18 లక్షల భూకంపాలు దొరికాయి. కొత్త పరికరం ఒక్కటి కూడా పెట్టలేదు. మన శాస్త్రం మొదటి నుంచీ ఇలాగే పెరిగింది. 1897 అస్సాం భూకంపాన్ని అధ్యయనం చేసిన భారత భూగర్భ సర్వే అధికారి ఆర్. డి. ఓల్డ్‌హామ్ దేశదేశాల కేంద్రాల రికార్డులను కూర్చి పోల్చి చూసి, 1906లో భూమికి వేరైన గర్భకేంద్రం ఉందని నిరూపించాడు. న్యూజిలాండ్‌లో 1929లో వచ్చిన భూకంపం రికార్డులను కోపెన్‌హేగెన్‌లో కూర్చుని పరిశీలించిన ఇంగే లేమన్, ఆ గర్భకేంద్రం లోపల మరో కేంద్రం ఉందని 1936లో తేల్చింది. ఎవరి రికార్డు వారే పెట్టెలో పెట్టి తాళం వేసుకుని ఉంటే ఈ రెండూ జరిగేవి కావు.

మన నేలకు సంబంధించిన ప్రశ్నలు కూడా ఎన్నో ఉన్నాయి. ప్రాణహిత-గోదావరి లోయ సింగరేణి బొగ్గు ఉన్న పాత పగులు లోయ. దాని అంచుల వెంబడి 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది, 55 ఏళ్ళకు ములుగు దగ్గర మరొకటి. ఈ రెండూ ఒకే పగులు వ్యవస్థవా, ఆ లోయలో ఒత్తిడి ఎంత వేగంగా పేరుకుంటోంది, బొగ్గు గనుల పేలుళ్ళకూ నిజమైన కంపాలకూ తేడా ఎలా పట్టాలి, ఇవన్నీ ఎంఎస్సీ విద్యార్థి కూడా చేయి పెట్టగల ప్రశ్నలు. ములుగు కంపాన్నే తీసుకోండి. భూమి పైపొరలో పి తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, ఎస్ తరంగం సుమారు మూడున్నర కిలోమీటర్లు పోతాయి కాబట్టి, రెండింటి మధ్య ప్రతి సెకను వ్యవధికీ దూరం 8 కిలోమీటర్ల చొప్పున పెరుగుతుంది. హైదరాబాదు రికార్డులో ఆ వ్యవధి 20 సెకన్లకు పైగా ఉండాలి. ఆ రికార్డును తరగతిలో తెర మీద వేసి, విద్యార్థి చేతనే ఆ రెండు గుర్తులు పెట్టించి, మూడు కేంద్రాల దూరాలతో పటం మీద వృత్తాలు గీయిస్తే, అతని జిల్లాలో జరిగిన భూకంప కేంద్రాన్ని అతనే పట్టుకుంటాడు. ఇవాళ మన కళాశాలల్లో ఈ పాఠం కాలిఫోర్నియా భూకంపంతో చెబుతున్నారు.

కృష్ణా తీరంలో పులిచింతల జలాశయం చుట్టుపక్కల, సూర్యాపేట జిల్లా చింతలపాలెం మండలంలో 2020 జనవరిలో వారాల తరబడి చిన్న కంపాలు వచ్చి, 26వ తేదీ తెల్లవారకముందే 4.6 తీవ్రత గల కుదుపుతో జనం రాత్రంతా ఆరుబయట గడిపారు. జలాశయం నిండడంతో దీనికి సంబంధం ఉందా అని అక్కడివారు అడిగారు, అడగవలసినదే. మహారాష్ట్రలోని కోయనాలో 1962లో నీరు నిలపడం మొదలైన నాటి నుంచీ కంపాలు వస్తున్నాయి, 1967 డిసెంబరు 11న 6.3 తీవ్రతతో వచ్చిన భూకంపంలో సుమారు 180 మంది చనిపోయారు. అక్కడ నీటిమట్టానికీ కంపాలకూ సంబంధాన్ని దశాబ్దాల రికార్డుతోనే ఎన్‌జీఆర్‌ఐ వంటి సంస్థలు నిరూపించగలిగాయి. మరాఠ్వాడాలోని కిల్లారిలో 1992లోనే చిన్న కంపాలు జనాన్ని కలవరపెట్టాయి; 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున వచ్చిన 6.2 తీవ్రత గల భూకంపం దాదాపు 10 వేల మందిని పొట్టన పెట్టుకుంది. కిల్లారిలో చిన్నవాటి వెనుక పెద్దది వచ్చింది, పులిచింతలలో రాలేదు. రెండింటికీ తేడా ఏమిటో ఇవాళ ఎవరైనా నిబ్బరంగా చెప్పగలరని నేను అనుకోను. కానీ రెండు చోట్ల రికార్డులూ పక్కపక్కన పెట్టి చదివే అవకాశం ఎంతమందికి దొరికితే ఆ తేడా దొరికే అవకాశమూ అంత పెరుగుతుంది.

దేశ భద్రత కోసం రికార్డులు గోప్యంగా ఉంచాలనే వాదన ఒకటుంది. దాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు, ఎందుకంటే సీస్మోమీటరుకు భూకంపంతోపాటు పేలుడు కూడా వినబడుతుంది. అయితే పెద్ద పేలుడు ఏదైనా మన కేంద్రాలకే కాదు, సరిహద్దుల అవతలి కేంద్రాలకూ వినబడుతుంది. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షలు విదేశాల్లోనూ నమోదయ్యాయి. సున్నితమైన ప్రాంతాల కేంద్రాలను మినహాయించండి, మిగతావాటి రికార్డును ఏడాది ఆలస్యంగా ఇవ్వండి, విశ్వవిద్యాలయం పూచీ మీద మాత్రమే ఇవ్వండి. ఇలాంటి షరతులు దేనికీ పరిశోధక విద్యార్థులు అభ్యంతరం చెప్పరు. మొత్తంగా తలుపు మూయడమే అభ్యంతరం.

మన దేశానికి సొంత అగ్నిపర్వతం కూడా ఉందని చాలామంది మరిచిపోతారు. పోర్ట్‌బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్ల దూరంలో ఉన్న బారెన్ దీవి శతాబ్దిన్నరకు పైగా నిద్రపోయి 1991లో మేల్కొంది, ఆ తరువాత పదేపదే బూడిద, లావా చిమ్ముతూనే ఉంది. 2004 డిసెంబరు 26 మహా భూకంపం తరువాత నెల తిరిగేసరికి అండమాన్ సముద్రం కింద వరుసగా వందల కంపాలు వచ్చాయి, మే నెలలో బారెన్ దీవి మళ్ళీ రేగింది. పోర్ట్‌బ్లెయిర్‌లో శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి పిల్లల్లో ఎవరైనా ఈ శాస్త్రం చదవదలచుకుంటే సామగ్రి వారి ఇంటి ముంగిట్లోనే ఉంది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, హైదరాబాదులోని ఉస్మానియాలో భూభౌతిక శాస్త్రం చెబుతున్నారు. అక్కడి నుంచి వచ్చేవారిలో ఎక్కువమంది చమురు, ఖనిజాల అన్వేషణ వైపు వెళ్తున్నారంటే, అక్కడ పని చేయడానికి డేటా ఉంది, ఉద్యోగం ఉంది. భూకంపాల వైపు రావాలనుకున్నవారికి మొదటి మెట్టు దగ్గరే దరఖాస్తు ఫారం అడ్డుపడకూడదు.

కాబట్టి నా అభ్యర్థన ఇదీ. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ ఒక స్పష్టమైన విధానం ప్రకటించి, దేశంలోని శాశ్వత కేంద్రాల నిరంతర రికార్డులను నిర్ణీత వ్యవధి తరువాత విద్యాసంస్థలకు అందుబాటులో ఉంచాలి. ఈ విషయాన్ని మన రెండు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులు సభలో ప్రస్తావించాలి. గోదావరి లోయలో తాత్కాలికంగా పెట్టే పరికరాలను జనం భయం తగ్గగానే తీసివేయకుండా కొన్నింటినైనా శాశ్వతం చేయడానికి రాష్ట్ర ప్రభుత్వాలు స్థలం, కరెంటు, కాపలా సమకూర్చాలి. ఒక సీస్మోమీటరుకు కావలసింది రోడ్డుకు దూరంగా, గట్టి రాయి మీద, చిన్న గది పాటి చోటు మాత్రమే. మీ పత్రిక కూడా భూకంప వార్త ప్రచురించేటప్పుడు తీవ్రతతోపాటు లోతు, ఆ సమాచారం ఏ సంస్థ ఇచ్చిందన్నది తప్పక పేర్కొనాలని, మొదటి గంటలో వచ్చిన అంకె తరువాత మారితే ఆ మార్పును కూడా అచ్చువేయాలని కోరుతున్నాను.

అన్నీ ఒకేసారి కావడం కష్టమంటే, 2024 డిసెంబరు 4 నుంచి ఏడాది పాటు ములుగుకు 200 కిలోమీటర్ల లోపు కేంద్రాలలో నమోదైన రికార్డుతో మొదలుపెట్టవచ్చు. ఆ కంపం తరువాత వచ్చిన చిన్నవాటిని లెక్కించడానికి, ఆ లోయలో తరంగాల వేగం మారిందో లేదో చూడడానికి సిద్ధంగా ఉన్న విద్యార్థులు ఈ రెండు రాష్ట్రాలలో ఇప్పటికే ఉన్నారు.

భవదీయుడు,
భూభౌతిక శాస్త్ర పరిశోధక విద్యార్థి,
కొవ్వూరు, తూర్పు గోదావరి జిల్లా.